బడిలో ఆటిజం గల బిడ్డ

ఆటిజం గల బిడ్డ తరగతిలో చెవులు మూసికొని కేకలు వేయుచున్నాడని, తల్లిదండ్రులు నన్ను లేహ్యమడుగుదురు. ఆటిజమును మాన్పు ఔషధము ఏ వైద్యమునందును లేదు, ఉన్నదనువారిని నమ్మవలదు. 1943లో లియో కానర్ వర్ణించిన ఈ స్థితి మెదడు ఎదుగుదలలోని భేదమే కాని పెంపకపు లోపము కాదు.

మార్చవలసినది తరగతిగది. మనము గమనింపని ఫ్యాను రొద, బడిగంట మ్రోత ఆ బిడ్డకు దుర్భరము కావచ్చును. గంటకు దూరముగా, ప్రతిదినము ఒకే చోట కూర్చుండబెట్టవలెను. ఆనాటి పాఠముల వరుసను బొమ్మలతో గోడపై నుంచవలెను. డ్రిల్లు పీరియడు రద్దయినచో ముందుగనే చెప్పవలెను. నేను వినిన రభసలలో పెక్కింటికి ఈ మరపే మూలము. "పుస్తకము తియ్యి" అని ఒక్క మాట చెప్పి, కొంతసేపు ఆగవలెను. కన్నులలోనికి చూడుమని నిర్బంధింపరాదు. ఉద్వేగము మించినపుడు బెత్తము కాదు, నిశ్శబ్దమైన మూల కావలెను.

ప్రభుత్వ, గుర్తింపు పొందిన బడులు ఇట్టి బిడ్డను చేర్చుకొనుటలో వివక్ష చూపరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము. నిద్రలేమి, మలబద్ధకము వేధించినచో వైద్యుని వద్దకు రండు. తక్కినదానికి ప్రధానోపాధ్యాయుని వద్దకు పొండు.