రిమార్క్స్ గడిలో ఏం రాయాలి

బిడ్డా,

పాతబస్తీలోని హుస్సేనీ ఆలం బడిలో టీచర్‌గా చేరావని, మొదటిసారి ప్రోగ్రెస్ కార్డులు రాయబోతున్నావని అమ్మ చెప్పింది. మార్కుల కంటే ఆ రిమార్క్స్ గడి గురించి నువ్వు ఎక్కువ ఆలోచించడం నాకు చాలా నచ్చింది.

‘పూర్’, ‘వీక్’, ‘డల్’, ‘కేర్‌లెస్’. వీటిని నీ పెన్ను దగ్గరికి రానీయకు. ఇబ్బంది ఎక్కడుందో ఇవి చెప్పవు, పిల్ల మీద ముద్ర మాత్రం వేస్తాయి. ఆ బస్తీలో చాలా ఇళ్లలో కార్డు చదివి వినిపించేది అక్కో అన్నో. ‘వీక్’ అన్నది తల్లి చెవికి ఉర్దూలో ‘కమ్‌జోర్’ అయి చేరుతుంది. మన ఇళ్లు మాత్రం తక్కువా? ‘మావాడు డల్ అండీ’ అని వాడు వింటుండగానే పక్కింటివాళ్లకు చెప్పేస్తాం.

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బళ్లలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. లెక్క తెలిసిన పిల్ల కూడా ప్రశ్న అర్థంకాక వదిలేయవచ్చు. ఆమెకు ‘మ్యాథ్స్‌లో పూర్’ అని రాస్తే అది అబద్ధమే అవుతుంది.

లోపాన్ని చెప్పే ఇంగ్లీషు మాటలు ఒకదాని చోట ఒకటి కుదరవు. ‘మిస్టేక్’, ‘ఎర్రర్’ చేసిన పనికి చెందినవి, దిద్దితే పోతాయి. కరెంటు లైన్లో ‘ఫాల్ట్’ అంటే ఫరవాలేదు, మనిషి దగ్గర ఆ మాటకు నింద అంటుకుంటుంది. ‘డిఫెక్ట్’ తయారైన వస్తువుకు సరిపోతుంది, పిల్లను ‘డిఫెక్టివ్’ అనడం క్రూరత్వం. ‘ఫ్లా’ నగల దుకాణంలో రాయి లోపలి చీలికకూ, బయట వాదనలోని బలహీనతకూ వాడతారు. నీకు అక్కరకొచ్చేది ‘షార్ట్‌కమింగ్’ వెనకున్న ఆలోచన. అందుకోవాల్సిన కొలత ఒకటుంది, ఇంకా కొంత మిగిలింది అంటుందది. ఆ కొలతనే రాయి: ‘కూడికలు బాగా వచ్చు, తీసివేతలో అప్పు తెచ్చుకునే చోట ఆగుతోంది.’ ఇంత రాస్తే ఇంట్లో అక్క కూర్చోబెట్టి నేర్పగలదు.

శాస్త్రం పేరు చెప్పి వచ్చిన మాటలనూ నమ్మి వాడేయకు. ‘ఇడియట్’, ‘ఇంబెసైల్’ 1913 నాటి బ్రిటన్ చట్టంలో బుద్ధిమాంద్యపు వర్గాల పేర్లు. తర్వాత అవి తిట్లుగా మిగిలాయి. మన 1995 వికలాంగుల చట్టంలోని ‘మెంటల్ రిటార్డేషన్’ 2016 చట్టంలో ‘ఇంటలెక్చువల్ డిజెబిలిటీ’గా మారింది. ‘స్లో లర్నర్’ ఇప్పుడు స్టాఫ్‌రూముల్లో అదే దారి పడుతోంది. సీబీఎస్ఈ 2020లో ‘ఫెయిల్’ తీసేసి ‘ఎసెన్షియల్ రిపీట్’ అని పెట్టింది. మంచి పనే. కానీ మళ్లీ ఏది, ఎలా చదవాలో చెప్పేవాళ్లు లేకపోతే కొత్త పేరు కూడా పాతదానిలాగే కుడుతుంది.

అక్షరాలు తారుమారు చేసే పిల్ల ఎవరైనా ఉంటే ముందు కళ్లు చూపించమను. అయినా మారకపోతే హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడి నిపుణుల దగ్గరికి పంపించు. చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఉన్నాయి. పేరు పెట్టే పని నిపుణులది. నువ్వు కళ్లారా చూసింది రాయి, చాలు.

కార్డులిచ్చే రోజు ఆ తల్లులకు రాసినదంతా నోటితో కూడా చెప్పు. నీ ఉర్దూ చాలదనుకుంటే తోటి టీచర్‌ను పక్కన కూర్చోబెట్టుకో.

నీ పెద్దమ్మ