ఖర్చెవరిది, మిగులెవరిది?

సిద్దిపేటలో పక్కపక్క ఇళ్లవాళ్లిద్దరు మిద్దెల మీద మూడేసి కిలోవాట్ల సోలార్ పెట్టించారనుకుందాం. ఎండ ఒకటే, వచ్చే కరెంటు ఒకటే, బొగ్గు కాలకుండా ఆగే పొగా ఒకటే. మొదటి ఇంటికి నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. రెండో ఇంటికి మిగిలేది నామమాత్రం. ఎందుకంటే ఆ ఇంటికి ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా బిల్లే రాదు.

గ్రీన్‌హౌస్ వాయువులు తగ్గించడానికి ఎంతవుతుందని అడిగితే ఒక్క జవాబు దొరకనిది అందుకే. ఖర్చు ఎవరి జేబులోంచి పోతోంది, ఆదా ఎవరి జేబులో పడుతోంది అని రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నెల జీతం మీదో రోజు కూలీ మీదో బతికేవాళ్లు సంతకం పెట్టేముందే ఈ లెక్క చూసుకోవాలి. ఇక పొగ లెక్కకు మూడు అంకెలు చాలు: గ్రిడ్ నుంచి వచ్చే యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు, లీటరు డీజిలుకు 2.7 కిలోలు.

ఇల్లు

గృహజ్యోతి ఉన్నవాళ్లకు అసలు ప్రమాదం 200 గీత. మీటరు 210 చూపించిందంటే పది యూనిట్లకు కాదు, మొత్తానికీ బిల్లు పడుతుంది. అది వెయ్యి రూపాయలు దాటుతుంది. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు ఎనిమిది గంటలు తిరిగే ఒక్క ఫ్యాన్ మారిస్తే నెలకు దాదాపు 11 యూనిట్లు తగ్గుతాయి. గీత దగ్గర ఊగిసలాడే ఇంటికి ఇంతకంటే లాభమైన పెట్టుబడి లేదు.

నెలనెలా 300 యూనిట్లు దాటే ఇల్లయితే సోలార్ ఆలోచించండి. పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు పైన 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కొటేషన్ 1,90,000 అనుకుంటే చేతి నుంచి 1,12,000. మూడు కిలోవాట్లు ఏడాదికి సుమారు 4,200 యూనిట్లు ఇస్తాయి. యూనిట్‌కు ఏడు రూపాయలు మిగిలితే 29,400. పొగ దాదాపు మూడు టన్నులు తగ్గుతుంది. సబ్సిడీ ముందుగా రాదు, పని పూర్తయ్యాక ఖాతాలో పడుతుంది. కాబట్టి అప్పు తెస్తే ఆ మధ్య నెలల వడ్డీ కూడా ఖర్చులో కలపండి.

బండి

రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు స్కూటర్ నడిపేవారికి, లీటరుకు 50 కిలోమీటర్లొస్తే, 240 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయల లెక్కన 25,000 పైనే. అదే దూరానికి ఎలక్ట్రిక్ స్కూటర్‌కు 400 యూనిట్లు సరిపోతాయి. యూనిట్ ఎనిమిది రూపాయలైనా 3,200. బండి ధర 30,000 ఎక్కువున్నా ఏడాదిన్నరలో తేలిపోతుంది. రోజుకు పదే కిలోమీటర్లు తిరిగేవారికి మాత్రం ఐదేళ్లు దాటుతుంది, ఈలోపే బ్యాటరీ వారంటీ అయిపోవచ్చు. వాళ్లు పాత బండినే బాగు చేయించుకోవడం మేలు. మన గ్రిడ్‌లో ఇంకా బొగ్గే ఎక్కువ కనుక పొగ సున్నా అయిపోదు, దాదాపు సగమవుతుంది. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకని ప్రకటించారు; కొనే రోజున అమల్లో ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

పొలం

సిద్దిపేట జిల్లాలో నీళ్లంటే కరెంటే: మిడ్ మానేరు జలాశయం నుంచి కొండపోచమ్మ సాగర్‌కు పంపులతో ఎత్తిపోయాలి. మిడ్ మానేరు నిండుమట్టం 318 మీటర్లు, కొండపోచమ్మ సాగర్‌ది 618. ఆ 300 మీటర్లు వెయ్యి లీటర్లు, అంటే మిద్దె మీది ఒక ట్యాంకెడు నీళ్లు, ఎక్కాలంటే నష్టాలు కలుపుకొని సుమారు ఒక యూనిట్ కాలుతుంది. కొండపోచమ్మ కాలువ కింద ఎకరం వరి మడికి ఐదు సెంటీమీటర్ల తడి పెడితే 200 యూనిట్లన్నమాట. ఒక్క తడి తగ్గినా 140 కిలోల పొగ ఆగుతుంది. దీనికితోడు ఎప్పుడూ నీళ్లు నిలిచే మడి నుంచి మీథేన్ వస్తుంది. టన్నుకు టన్ను చూస్తే వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్ల వేడిమి పెంచుతుంది.

మందు చవకదే. అడుగు పొడవు పైపు ముక్కకు చిల్లులు పొడిచి మడిలో సగం దిగేయండి. పైపులో నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టండి. నాటిన తొలి రెండు వారాలు, పూత దశలో మాత్రం నీళ్లు నిలపాల్సిందే. చల్క, చౌడు భూములైతే వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈవో) అడిగాకే మొదలుపెట్టండి.

పైపు ఇంత చవకైనా పొలాల్లో కనిపించదు. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు. ఆదా సర్కారుది, కలుపు పెరిగితే కూలి ఖర్చు రైతుది. అందుకే తగ్గించిన పొగకు డబ్బిస్తామంటూ ఎవరైనా కార్బన్ క్రెడిట్ల ఒప్పందంతో వస్తే నాలుగు సంగతులు తెలుగులో రాయించుకోండి: ఎన్నేళ్లు, కొలిచేదెవరు, వాటా ఎంత, భూమి కౌలుదైతే డబ్బు ఎవరి ఖాతాకు.

పనిచేసే చోటు

రైస్ మిల్లులోనో కోళ్ల ఫారంలోనో పనిచేసేవారు ఓనరు దగ్గర పర్యావరణం మాటెత్తితే నవ్వి ఊరుకుంటాడు. మీటరు రీడింగుల పుస్తకం ముందు పెట్టండి. పది హెచ్‌పీ మోటరు రోజుకు పది గంటల చొప్పున 300 రోజులు తిరిగితే సుమారు 22,500 యూనిట్లు. పదేపదే వైండింగ్ చేయించడం వల్ల సామర్థ్యం రెండు శాతం పడిపోయినా 450 యూనిట్లు వృథా. ఆ వృథాను రూపాయల్లో చూపించినవాడి మాటకు విలువ పెరుగుతుంది.

సిమెంటు, ఉక్కు సంగతి వేరు. సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది; కరెంటు మార్చినంత మాత్రాన ఆగదు. అక్కడ తగ్గించడం ఖరీదైన పని. ఐరోపా సమాఖ్య 2026 జనవరి 1 నుంచి సిమెంటు, ఉక్కు, అల్యూమినియం, ఎరువుల వంటి దిగుమతుల మీద కార్బన్ సుంకం లెక్క మొదలుపెట్టింది. ఎగుమతి చేసే కంపెనీల్లో పనిచేసే మన పిల్లలు బొగ్గు, డీజిలు, కరెంటు వాడకాన్ని టన్నుల్లోకి మార్చి నమోదు చేయడం నేర్చుకుంటే అదే కొత్త కొలువు. ఐటీఐ చదివినవారికి సోలార్ బిగించే పనిలో సూర్యమిత్ర శిక్షణ ఉంది. ఇంజినీరింగ్, డిప్లొమా అనుభవం ఉన్నవారికి ఇంధన సామర్థ్య బ్యూరో నిర్వహించే ఎనర్జీ మేనేజర్, ఆడిటర్ పరీక్షలున్నాయి.

ముందు ఏం చేయాలి?

గడిచిన పన్నెండు నెలల కరెంటు బిల్లులు, ఒక నెల పెట్రోలు ఖర్చు ఒక కాగితం మీద రాయండి. పైసా ఖర్చు లేనివి మొదటి వరుస. మూడు, నాలుగేళ్లలో తిరిగొచ్చేవి రెండో వరుస. ఖర్చు మీదై, ఆదా ఇంకొకరిదయ్యేవి మూడో వరుస. మొదటి రెండు వరుసలు మీ ఇంటి పని. మూడోదాన్ని గ్రామసభలోనో ఓనరు ముందో పెట్టి, వాటా అడిగి తీసుకోండి.