కుక్కపిల్లను ఎన్నుకొనేటప్పుడు మూతిని గమనించండి

కోడెను బేరమాడే రైతు డెక్కలు చూచును, ఛాతీ వెడల్పు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. వరి విత్తనమైతే గాలివానకు పడిపోయినదో, నిలిచినదో విచారించును. ఆ రైతే పిల్లలు ముచ్చటపడ్డారని రాజమండ్రి వెళ్ళి కుక్కపిల్లను కొనేటప్పుడు ముఖం మాత్రమే చూచును. ముఖం ఎంత చదునైతే అంత ముద్దు. ఈ ముచ్చట వలన కుక్కలు పడే బాధ మన డెల్టాలో మరింత హెచ్చు. కారణమిది.

కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. ఒంటి వేడిని అది రొప్పి తీర్చుకొనును. నోరు తెరచి వేగంగా ఊపిరి తీసినప్పుడు నాలుక మీది తడి, ముక్కు లోపలి తడి ఆవిరియై వేడిని తీసుకొనిపోవును. కుండలో నీరు చల్లబడేది కూడా ఇట్లే. మూతి పొడవుగా ఉన్న కుక్కకు ఈ పనికి చోటు ఎక్కువ.

పగ్ అనే జాతి పూర్వం చైనా నుండి వచ్చినది. చదును ముఖం కావాలని తరతరాలుగా అట్టివాటినే జతపరచినారు. ఎముక కురచైనది గాని లోపలి కండ ఆ మేరకు తగ్గలేదు. అంగిలి వెనుక మెత్తని భాగం గాలి దారికి అడ్డుపడును. ముక్కు రంధ్రాలు చీలికలవలె సన్నబడును. అది గురక పెట్టితే ఇంటివారు నవ్వుకొందురు. అది ఊపిరి కొరకు పడే పాటు. 2003లో హచ్ టెలిఫోను కంపెనీ ప్రకటనలో బాలుని వెంట నడిచిన పగ్‌ను చూచి మన దేశంలో ఎందరో ఈ జాతిని కోరి కొన్నారు.

మే నెలలో రాజమండ్రిలో ఎండ 40 డిగ్రీలు దాటుట కద్దు. ఎండ ఒక్కటే అయితే కొంత నయం. కాలువలు, చెరువులు, సముద్రపు గాలి వలన మన గాలిలో తేమ హెచ్చు. ముసురులో బట్ట ఆరనట్లే కుక్క నాలుక మీది తడి కూడా త్వరగా ఆవిరి కాదు. చదును మూతి కుక్క ఎంత రొప్పినా వేడి దిగకపోగా, రొప్పే శ్రమకు ఇంకా పెరుగును. నాలుక నీలిరంగు తిరిగినా, నడక తూలినా ప్రాణం మీదికి వచ్చినట్లే. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా నీటితో తడిపి, విసరుచు పశువైద్యుని వద్దకు కొనిపోవలెను. తడిగుడ్డ కప్పి ఉంచరాదు. నోట్లో బలవంతంగా నీరు పోయరాదు.

తక్కిన జాతులకూ ఇట్టి తిప్పలు కలవు. తల పెద్దదై బుల్‌డాగ్‌లు తరచు ఆపరేషను లేనిదే ఈనలేవు. పొడవాటి నడుము డాక్స్‌హుండ్‌కు వెన్నునొప్పి తెచ్చును. హస్కీ మంచు దేశపు కుక్క. రెండు పొరల బొచ్చుతో దానిని కోనసీమలో కట్టివేయుట ఏమి న్యాయమో కొనేవారే చెప్పవలెను.

మూతి సంగతిని కొన్ని ప్రభుత్వాలు కూడా పట్టించుకొన్నవి. కళ్ళ నడిమి గుంట నుండి ముక్కు కొన వరకు ఒక కొలత. అదే గుంట నుండి తల వెనుక ఎముక వరకు రెండవది. మొదటిది రెండవదానిలో పదింట మూడు వంతులకైనా రాని కుక్కలను జతపరచరాదని 2019లో నెదర్లాండ్స్ ప్రభుత్వం నిర్ణయించినది. ఈ కొలతకు పురికొస చాలును.

కొనేముందు తల్లిని చూపమని అడగండి. దానిని కొంతదూరం నడిపించి, నోరు మూసుకొని నిశ్శబ్దంగా ఊపిరి తీయగలదేమో వినండి. తల్లిని చూపనివారి వద్ద కొనవద్దు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కలను పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావలెను. 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదు. గ్రామాధికారులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

చెరువు గట్టు కావలికైతే ఊరకుక్కను మించినది లేదని నా అభిప్రాయం. దాని ముఖం చూచి ఎవరూ ఎన్నలేదు; మన ఎండకు, ముసురుకు తట్టుకొన్నవే మిగిలి పిల్లలను పెట్టినవి. పిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, ఆపై పశువైద్యుడు చెప్పిన గడువు తప్పక మరల వేయించుచుండవలెను.