పడిపోయిన ఆటగాణ్ణి శపించవద్దు

మద్యం, మత్తుపదార్థాలు హరామ్. దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 90వ ఆయత్ మద్యాన్ని షైతాను పనుల్లో లెక్కించింది. ఇందులో సందేహానికి తావు లేదు. మరి ఆ వ్యసనంలో చిక్కుకున్న మనిషి పట్ల మన వైఖరి ఎలా ఉండాలి?

పేరున్న క్రీడాకారుల విషయంలో లోకం తీరు చూడండి. మారడోనా 1986లో అర్జెంటీనాకు ఫుట్‌బాల్ ప్రపంచకప్పు తెచ్చిపెట్టాడు. గెలుస్తున్నన్నాళ్ళు జనం అతణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. 1991లో కొకైన్ వాడినట్టు తేలి 15 నెలల నిషేధం పడగానే అదే జనంలో ఎందరో ముఖం తిప్పుకున్నారు. మన దేశంలో వినోద్ కాంబ్లీ 1993లో వరుసగా రెండు టెస్టుల్లో డబుల్ సెంచరీలు చేశాడు. తర్వాత తాగుడు అతణ్ణి దెబ్బతీసింది. 2024లో అతడు సరిగా నడవలేకపోతున్న వీడియో బయటికి రాగానే, తాగి తూలుతున్నాడని ఎందరో నవ్వుకున్నారు. ఆ డిసెంబరులో ఆసుపత్రిలో చేరితే మెదడులో రక్తం గడ్డకట్టిందని వైద్యులు తేల్చారు. ఎగతాళిని, దురనుమానాన్ని అల్ హుజురాత్ సూరా (11, 12 ఆయత్‌లు) ఎందుకు వారించిందో ఇక్కడ అర్థమవుతుంది.

దైవప్రవక్త (సఅసం) కాలంలో అబ్దుల్లాహ్ అనే ఒక వ్యక్తి తాగి పదేపదే పట్టుబడేవాడు. శిక్ష అమలయ్యేది. ఒకసారి ఎవరో అతణ్ణి శపించగా ప్రవక్త (సఅసం) వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. మరో సందర్భంలో, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు సాయపడకండని హెచ్చరించారు. ఈ రెండు హదీసులూ సహీహ్ బుఖారీలో ఉన్నాయి.

గమనించండి, పాపాన్ని పాపం కాదనలేదు, శిక్షనూ ఆపలేదు. కాని మనిషిని వెలివేయలేదు. లోకం చేసేది దీనికి తలకిందులు: గెలిచే రోజుల్లో తప్పును చూసీ చూడనట్టు వదిలేస్తుంది, ఓడిన రోజున మనిషినే వదిలేస్తుంది.

ఈ పాఠం దూరపు ఆటగాళ్ళకే కాదు. కల్వకుర్తి చుట్టుపక్కల, పాలమూరు పల్లెల్లో కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ వంటి మత్తుమందులు కలపడం పాత జాడ్యమే. దానికి అలవాటుపడినవాడు హఠాత్తుగా మానేస్తే వణుకు, మూర్ఛ వస్తాయి. అతనికి కావలసింది తిట్లు కాదు, వైద్యుడు. అతణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్దాం, మస్జిదులో మన పక్కన చోటిద్దాం, అతని తప్పును నలుగురిలో చాటకుండా ఉందాం. తౌబా తలుపు అల్లాహ్ తెరిచే ఉంచాడు. దాన్ని మూసే హక్కు మనకు లేదు.

పడినవారికి చేయూతనిచ్చే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.