బ్రౌజర్‌లోనే టెలిగ్రామ్ బాట్ చేద్దాం: నా బాట్ అద్దెని 52 రూపాయలు అని ఎందుకు రాసింది?

మా రూమ్‌లో ఐదుగురం ఉంటాం. పాలు, గ్యాస్, నెట్ బిల్లు ఎవరు ఎంత పెట్టారో నెలాఖరుకి ఒక్కడికీ గుర్తుండదు. అందుకే లెక్కలు రాసిపెట్టే బాట్ ఒకటి టెలిగ్రామ్‌లో చేశా. సర్వర్ కొనలేదు, లాప్‌టాప్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యలేదు, అంతా బ్రౌజర్‌లోనే. రెండు వారాలు బాగానే నడిచింది. ఆ తర్వాత మావాడొకడు అద్దెకి కట్టిన 4,500ని 52 రూపాయలుగా రాసింది. ఆ రాత్రి రూమ్‌లో జరిగిన గొడవ సంగతి వదిలేయండి. తప్పు బాట్‌ది కాదు, నాదే. మొదటిసారి బాట్ చేసే ఎవరైనా ఇదే తప్పు చెయ్యొచ్చు కాబట్టి మొదట్నుంచీ చెప్తా.

ముందు టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్ అని వెతకండి. బ్లూ టిక్ ఉన్నదే అసలుది. అక్కడ న్యూబాట్ కమాండ్ ఇస్తే పేరు అడుగుతుంది, తర్వాత యూజర్‌నేమ్ అడుగుతుంది. యూజర్‌నేమ్ చివర 'బాట్' అని ఉండాల్సిందే. అంతా అయ్యాక టోకెన్ ఇస్తుంది: కొన్ని అంకెలు, ఒక కోలన్, ఆ తర్వాత పొడుగాటి అక్షరాల వరుస. ఇది మీ బాట్ తాళంచెవి. ఎవరి చేతికి దొరికినా బాట్ వాళ్ళదే. "నా బాట్ చూడరా" అని ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టే స్క్రీన్‌షాట్‌లో టోకెన్ కనపడిందంటే, బాట్‌ఫాదర్‌లో రివోక్ కమాండ్ ఇచ్చి వెంటనే కొత్తది తీసుకోండి.

ఇప్పుడు బాట్స్ డాట్ బిజినెస్ సైట్‌లో అకౌంట్ తెరిచి, కొత్త బాట్ కింద ఆ టోకెన్ పేస్ట్ చెయ్యండి. ఇక్కడ జరిగేది సింపుల్. మీ బాట్‌కి వచ్చే ప్రతి మెసేజ్‌నీ టెలిగ్రామ్ ఆ సైట్ సర్వర్‌కి పంపిస్తుంది. దీన్నే వెబ్‌హుక్ అంటారు. ఆ మెసేజ్‌కి సరిపోయే కమాండ్ ఏదో సర్వర్ వెతికి నడిపిస్తుంది. మీ ఫోన్ స్విచాఫ్‌లో ఉన్నా బాట్ పని చేస్తూనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ఇదే టోకెన్‌ని లాప్‌టాప్‌లో పైథాన్‌తో కూడా వాడి మెసేజ్‌లు లాగుదామంటే కుదరదు, వెబ్‌హుక్ ఉన్నంతసేపూ టెలిగ్రామ్ ఎర్రర్ ఇస్తుంది.

ఒక్కో కమాండ్‌లో ప్రధానంగా ఉండేవి పేరు, జవాబు, కీబోర్డ్, జావాస్క్రిప్ట్ రాసే కోడ్ బాక్స్. మొదటి కమాండ్‌కి స్లాష్ స్టార్ట్ అని పేరు పెట్టి, జవాబులో "చెప్పు బాస్" అని రాసి సేవ్ చెయ్యండి. కోడ్ ఒక్క లైను కూడా అక్కర్లేదు, బాట్ మాట్లాడేస్తుంది.

నాకు బాగా నచ్చింది కీబోర్డ్. స్లాష్‌తో మొదలయ్యే కమాండ్లలో టెలిగ్రామ్ ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఒప్పుకుంటుంది. కానీ కీబోర్డ్ బటన్ నొక్కితే దాని మీద ఉన్న మాటే మెసేజ్‌గా వెళ్తుంది. కాబట్టి కమాండ్‌కి "ఖర్చు" అని తెలుగులోనే పేరు పెట్టి, అదే మాటని బటన్‌గా ఇస్తే సరిపోతుంది. మెసేజ్ కిందే అతుక్కుని వచ్చే ఇన్‌లైన్ బటన్లతో మాత్రం జాగ్రత్త. వాటి వెనక పంపే డేటాకి 64 బైట్లే పరిమితి, తెలుగులో ఒక్కో గుర్తుకీ 3 బైట్లు పోతాయి. "ఖర్చు" అనే చిన్న మాటకే గుణింతం, ఒత్తు కలిపి 15 అయిపోతాయి.

ఇక గొడవ దగ్గరికొద్దాం. ఖర్చు కమాండ్‌లో జవాబు "ఎంత?" అని పెట్టి, యూజర్ రిప్లై కోసం ఆగే ఆప్షన్‌కి టిక్ పెట్టా. అప్పుడు కోడ్ వెంటనే నడవదు, యూజర్ తిరిగి పంపాకే నడుస్తుంది. అతను పంపింది మెసేజ్ అనే వేరియబుల్‌లో దొరుకుతుంది. ఆ అంకెని దాచి, "దేనికి?" అని అడిగే రెండో కమాండ్‌ని పిలిచా. ఆ జవాబు రాగానే రెండూ కలిపి లెక్కలో రాయాలి.

ఆ అంకెని ఎక్కడ దాచానన్నదే అసలు సంగతి. ఇక్కడ దాచుకోడానికి రెండు చోట్లున్నాయి. బాట్ ప్రాపర్టీ హాల్లో గోడకున్న బోర్డు లాంటిది, బాట్ వాడేవాళ్ళందరికీ అదొక్కటే. యూజర్ ప్రాపర్టీ ఎవడి జేబు వాడిది. నేను బోర్డు మీద రాశా. మావాడు 4,500 కొట్టి, "దేనికి?" అన్నదానికి జవాబిచ్చేలోపు ఇంకొకడు పాలకి 52 కొట్టాడు. బోర్డు మీద 4,500 చెరిగిపోయి 52 పడింది. మొదటివాడు "అద్దె" అన్నాడు, బాట్ బోర్డు చూసి రాసుకుంది. కోడ్‌లో మార్చాల్సింది బాట్ డాట్ సెట్ ప్రాపర్టీని యూజర్ డాట్ సెట్ ప్రాపర్టీగా, అంతే. తీసే దగ్గర గెట్ ప్రాపర్టీని కూడా మార్చడం మర్చిపోకండి (నేను మర్చిపోయా).

మొత్తాలు అందరికీ కనపడాలి కాబట్టి అవి బోర్డు మీదే ఉండాలి. కానీ అన్నీ ఒకే పేరు కింద కాదు, ఒక్కొక్కరి టెలిగ్రామ్ ఐడీని ప్రాపర్టీ పేరులో కలిపి వేరువేరుగా పెట్టా. మనిషి పేరు వాడకండి. మా రూమ్‌లోనే ఇద్దరు సాయిలున్నారు, పైగా పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఐడీ నంబర్ మారదు.

అంకెల దగ్గర ఇంకో గుంట ఉంది. వచ్చే మెసేజ్ ఎప్పుడూ టెక్స్టే, కాబట్టి 52కి 48 కలిపితే 5248 వస్తుంది. పార్స్‌ఇంట్ పెట్టండి. అది "52 రూ" అని రాసినా 52 తీసుకుంటుంది, కానీ "1,200" అని కామాతో కొడితే 1 దగ్గరే ఆగిపోతుంది. ముందు కామాలు తీసెయ్యాలి. "రెండొందలు" అని రాసే మహానుభావులుంటారు, అంకె కాకపోతే మళ్ళీ అడిగేలా చెయ్యండి.

ఈ బాట్‌ని రూమ్ గ్రూపులో పెట్టలేదు. గ్రూపుల్లో మామూలుగా ప్రైవసీ మోడ్ ఆన్‌లో ఉంటుంది, ఊరికే టైప్ చేసిన మాటలు బాట్‌కి అందవు. అందుకే ఎవరి చాట్ వాళ్ళదే. బాట్ తనంతట తాను ఎవరికీ మొదటి మెసేజ్ పంపలేదు కాబట్టి, ఐదుగురి చేతా ఒకసారి స్టార్ట్ నొక్కించా.

టెస్టింగ్ మాత్రం రెండు ఫోన్లతో చెయ్యండి. నేను రెండు వారాలు నా ఒక్క ఫోన్‌తోనే చూసుకుని మురిసిపోయా. ఒక్కరే వాడితే బోర్డుకీ జేబుకీ తేడా తెలీదు. ఒక ఫోన్‌లో "ఎంత?"కి జవాబిచ్చి అక్కడే ఆపండి, రెండో ఫోన్‌లో వేరే అంకె కొట్టి, తిరిగి మొదటిదానికి రండి.

ఇప్పుడు పక్క రూమ్ వాళ్ళూ బాట్ లింక్ అడుగుతున్నారు. ఇవ్వలేదు. అదే బాట్ వాడితే బోర్డు ఒక్కటే కదా, వాళ్ళ గ్యాస్ బిల్లు వచ్చి మా మొత్తంలో కూర్చుంటుంది. బాట్‌ఫాదర్ దగ్గర వాళ్ళ టోకెన్ వాళ్ళని తెచ్చుకోమన్నా, కమాండ్లు మాత్రం కాపీ చేసిచ్చా.