తలనొప్పి వచ్చిందని కుక్కకాటు సూది మానొద్దు

చేలగట్ల మీద, కళ్లాల దగ్గర, పశువుల పాకల వద్ద తిరిగే రైతులకు కుక్క కాటు కొత్తేమీ కాదు. కరిచిన రోజు పరుగున వెళ్లి సూది వేయించుకుంటారు. మర్నాడు తలనొప్పి వస్తే 'విషం తలకెక్కింది' అని కొందరు హడలిపోతారు. 'ఈ సూది మన ఒంటికి పడలేదు' అని ఇంకొందరు మిగతావి మానేస్తారు. ఇలా మానేయడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక నయం చేసే మందు లేదు.

ఎందుకు వస్తుంది?

టీకాలో ఉండేది చంపేసిన రేబిస్ క్రిమి. దానివల్ల జబ్బు రాదు. ఆ క్రిమిని గుర్తుపట్టి ఒంట్లోని రోగనిరోధక శక్తి పని మొదలుపెడుతుంది. అప్పుడే కొందరికి తలనొప్పి, ఒళ్లునొప్పులు, కొద్దిపాటి జ్వరం కనిపిస్తాయి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. రేబిస్ అయితే కరిచిన మర్నాడే రాదు. వారాలు, నెలలు పడుతుంది.

బొడ్డు చుట్టూ వేసే పాత సూదులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. గొర్రె మెదడుతో తయారైన ఆ టీకా కొందరికి నరాల జబ్బు తెచ్చేది. 2005 తర్వాత మన దేశంలో దాన్ని వాడటం లేదు. ఇప్పుడు పెద్దలకు భుజానికే వేస్తున్నారు.

ఏం చేయాలి?

* సూది వేశాక అరగంట ఆసుపత్రిలోనే కూర్చోండి.
* ఆ రోజు ఎండలో బరువు పనులు పెట్టుకోవద్దు. నీళ్లు, మజ్జిగ బాగా తాగండి.
* నొప్పి ఎక్కువైతే పెద్దలు 500 మి.గ్రా. పారాసిటమాల్ బిళ్ల ఒకటి వేసుకోవచ్చు. ఆరు గంటలు ఆగాకే మరొకటి. కాలేయ జబ్బు, మద్యం అలవాటు ఉన్నవారు డాక్టర్ని అడగాలి.
* నొప్పి తగ్గాలని డాక్టర్ చెప్పకుండా స్టెరాయిడ్ సూదులు వేయించుకోవద్దు. అవి టీకా పనిని దెబ్బతీస్తాయి.

ఎప్పుడు పరుగెత్తాలి?

ఊపిరాడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, మెడ బిగుసుకున్నా, వాంతులు ఆగకపోయినా, మాట తడబడినా, తలనొప్పి రెండు రోజులు దాటినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

తేదీలు తప్పొద్దు

చర్మం పొరలో వేసే పద్ధతిలో నాలుగు విడతలు. మొదటిది ఒకటో తారీఖున వేస్తే మిగతావి 4, 8, 29 తేదీల్లో పడాలి. కండకు వేస్తే 15న మరొకటి ఉంటుంది. నాట్లున్నా, కోతలున్నా వాయిదా వేయొద్దు. ఒకవేళ తేదీ దాటిపోతే వెంటనే వెళ్లి మిగిలినవి పూర్తి చేయించుకోండి. సూదుల చీటీని పాసుపుస్తకంలా భద్రంగా దాచుకోండి.