గొడుగు విప్పని పుట్టగొడుగులు

ఫ్రెండ్స్, 'పుట్టగొడుగు' అనే మాటని ఎప్పుడైనా విడదీసి చూశారా? పుట్ట మీద లేచే గొడుగు. సైన్స్‌లో టెర్మిటోమైసిస్ అంటారు. దాని కాడ, చెదపురుగులు పుట్ట లోపల పెంచుకునే బూజుతోట దాకా వేరులా దిగుతుంది. మనవాళ్లు పేరులోనే అడ్రస్ పెట్టేశారన్నమాట!

కానీ కొన్ని అసలు గొడుగే విప్పవు. నిరుడు వానల్లో మైలవరం దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరెళ్లాం. జామాయిల్ తోటలో బంగాళాదుంపల్లాంటి ఉండలు దొరికాయి. "ట్రఫుల్స్ అక్కా! కిలో వేలల్లో ఉంటుంది" అని తమ్ముడు ఎగిరాడు. రాత్రికి వేపుడు చేయమన్నాడు. అమ్మమ్మ ఒకటే అంది: "ముందు కోసి చూడండర్రా."

కోశాం. మందపాటి తోలు, లోపల ఊదా నలుపు. తర్వాత చదివితే తెలిసింది, అలా ఉండేది స్క్లెరోడెర్మా అని. జామాయిల్ వేళ్లతో కలిసి బతుకుతుంది. తింటే వాంతులే.

గుండ్రటిది దొరికితే నిలువుగా కోసి ఇలా చూడాలి:

1. లోపల గొడుగు, కాడ ఆకారం కనిపిస్తే అది విచ్చుకోని మొగ్గ. అమనిటా కావచ్చు. అందులో కొన్నిటి విషం వండినా పోదు. లక్షణాలు ఆరు గంటలు దాటాకే మొదలై, చివరికి లివర్‌ని దెబ్బతీస్తాయి.
2. అంతా ఒకే తెలుపు, మెత్తగా ఉంటే లేత పఫ్‌బాల్ కావచ్చు. ముదిరితే పొడి అవుతుంది. వానచినుకు పడితే ఆ పొడి పొగలా లేస్తుంది.
3. పాలరాయిలా తెల్లటి చారలుంటే ట్రఫుల్ అయ్యే ఛాన్స్ ఉంది.

ఖాయం చేసేది మైక్రోస్కోపే. ట్రఫుల్ బీజాలు చిన్న సంచుల్లో ఉంటాయి, ఒక్కో సంచిలో కొన్నే. స్క్లెరోడెర్మాకి సంచులుండవు. బీజాల మీద ముళ్లు మాత్రం రెండింటికీ ఉండొచ్చు, అందుకే ముళ్లు చూసి మోసపోకూడదు. ట్రఫుల్ నేలలోపలే ఉంటుంది కాబట్టి గాలి సాయం లేదు. వాసనతో జంతువుల్ని పిలిచి, వాటి కడుపులో బీజాల్ని ఊరేగిస్తుంది.

అడ్రస్‌నీ పూర్తిగా నమ్మలేం. పుట్ట మీదే పోడాక్సిస్ అనేది కూడా లేస్తుంది. దాని టోపీ మూసుకునే ఉండి, లోపల నల్లపొడి అవుతుంది.

మన కోడింగ్‌లో ఒక్క ఇఫ్ తప్పితే ఎర్రర్ వస్తుంది, సరిచేసుకుంటాం. ఇక్కడ రీరన్ లేదు. చోటు, కోత, బీజం మూడూ చూశాక కూడా డౌట్ ఉంటే పారేయడమే. ఆ రాత్రి మేం వంకాయ వేపుడే తిన్నాం.